సుభద్రమ్మ టీచరు గారి బొంగరం

నా జన్మలో నేను బొంగరం చెయ్యలేదు. చిన్నప్పుడు తిప్పాను గానీ చెయ్యలేదు. అయినా ఉత్తమ బొంగరాల తయారీదారుగా నాకొక శాలువా, ఒక జ్ఞాపిక, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు ఉన్నాయి. సర్టిఫికెట్టు మీద గుండ్రటి ముద్ర, దాని పక్కన మూడు సంతకాలు. ఇన్ని ఉన్నాక నేను బొంగరం చెయ్యలేదంటే నమ్మేవాళ్ళెవరు? మా ఆవిడ పైడమ్మ ఒక్కర్తి నమ్ముతుంది. అదీ నా మీద గౌరవంతో కాదు, బొంగరం చెయ్యడం కూడా నాకు చేతకాదని ఆవిడ అభిప్రాయం.

నేను చేసినవి హెడ్‌ఫోన్ డొప్పలు. నెత్తి మీదుగా ఒక కమ్మీ వచ్చి, రెండు చెవుల మీదా రెండు గుండ్రటి డొప్పలు కూర్చుంటాయి చూడండి, అవి. బజార్లో దొరికేవి ప్లాస్టిక్కువి. నేను వాటి లోపలి స్పీకరు బిళ్ళల్ని జాగ్రత్తగా ఊడదీసి, చెక్కతో చేసిన డొప్పల్లో కూర్చోబెడతాను. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై రెండేళ్ళు పిల్లలకి లేతు పని, అంటే మిషను మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కే పని, నేర్పి రిటైరయ్యాను. కాలేజీ వాళ్ళు పాత లేతు మిషన్ని తుక్కు కింద వేలం వేస్తుంటే చూడలేక పాడుకుని, పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టుకున్నాను. ఊళ్ళో పాటల పిచ్చి ఉన్నవాళ్ళు పదిమందికి టేకుతోనో వేపతోనో డొప్పలు చేసిచ్చాను. చెక్కలోంచి పాట గుండ్రంగా వినిపిస్తుందని వాళ్ళంటారు. గుండ్రటి పాట అంటే ఏమిటో నాకు తెలీదు గానీ గుండ్రటి చెక్క సంగతి నాకు బాగా తెలుసు.

మా ఎదురింట్లో ఉంటారు సుభద్రమ్మ టీచరు గారు. సంగీత పాఠశాలలో ముప్పై నాలుగేళ్ళు వీణ నేర్పారు. ఎనభై ఒకటి నిండాయి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయాక వీణని ఒక శిష్యురాలికి ఇచ్చేశారు. ఒకప్పుడు రేడియోలో ఆవిడ వాయించిన పన్నెండు కచేరీలు మటుకు ఫోన్లో భద్రంగా ఉన్నాయి. మార్చి నెలలో ఒకరోజు పాత తువ్వాల్లో ఏదో బరువైంది చుట్టుకుని మా షెడ్డులోకి వచ్చారు.

"జోగారావ్, ఆ ప్లాస్టిక్కు దాంట్లో వింటుంటే నా వీణ రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టుంది. ఇది చూడు."

తువ్వాలు విప్పితే పసుప్పచ్చటి పనస చెక్క. ఒక పక్క నున్నగా అరిగిపోయి ఉంది.

"బొబ్బిల్లో నా వీణ తొలిచారే, ఆ దుంగ చివర ముక్క ఇది. వీణ చేసినాయన చేతికిస్తే పారెయ్యడం ఎందుకని మావారు వీధి తలుపుకి అడ్డు పెట్టారు. యాభై రెండేళ్ళు తలుపు దగ్గరే ఉంది. నాకు దీంతో చేసిపెట్టు."

యాభై రెండేళ్ళు ఆరిన పనస! అలాంటి చెక్క కోసం లేతు పనివాడు జన్మంతా కాచుకుని ఉంటాడు. నేను కొలిచి చూశాను. సరిగ్గా రెండు డొప్పలు వస్తాయి. మూడోది రాదు.

"తొందరేం లేదు కదమ్మా?" అన్నాను.

"ఉంది. రెండు చెవుల్లోనూ నరం ఎండిపోతోందట. వినాయక చవితి దాకా వినబడుతుంది, ఆ తరవాత చెప్పలేనన్నాడు డాక్టరు. ఈలోగా పన్నెండు కచేరీలూ ఒక్కసారి సరిగ్గా వినేస్తే చాలు. తరవాత గుర్తుపెట్టుకుంటాను."

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పారు. నేను మాత్రం మొహం తిప్పుకుని ఉలి నూరుకుంటూ కూర్చున్నాను.

మూడు రోజులు చేశాం. చేశాం అని ఎందుకంటున్నానంటే, ఆవిడ స్టూలు మీద కూర్చుని రెండు డొప్పల్నీ గోటితో తట్టి చూసేవారు. "కుడిది కాస్త హెచ్చులో ఉంది, లోపల ఇంకొంచెం తియ్యి" అనేవారు. వెంట్రుక మందం తీసేవాణ్ణి. మళ్ళీ తట్టేవారు. మూడో రోజు సాయంత్రానికి రెండూ ఒకే శ్రుతి పలికాయి. ఇన్నేళ్ళ సర్వీసులో నేను అంత సమంగా ఏదీ తియ్యలేదు. ఇక నూనె పట్టించి నాలుగు రోజులు నీడలో ఆరబెడితే చాలు.

ఆ నాలుగు రోజులే నా కొంప ముంచాయి.

సరిగ్గా అప్పుడే మా టౌన్లో 'ఇంటికో కళ' వారోత్సవాలు మొదలయ్యాయి. ప్రతి ఇంట్లోనూ ఒక కళ దాగి ఉందనీ, దాన్ని వెలికి తీసేదాకా ప్రభుత్వం నిద్రపోదనీ ఆటోకి మైకు కట్టుకుని పొద్దున్నుంచీ తిరిగారు. ఆ వారం కళ లేని ఇల్లంటే కుళాయి లేని ఇంటికంటే తీసికట్టయిపోయింది. మా వీధి చివర కిరాణా కొట్టాయన అగ్గిపుల్లలతో పడవ చేశాడు. పోస్టుమాన్ గారి భార్య ఫ్రిజ్జుకి స్వెట్టరు అల్లారు. ఇవన్నీ టౌన్‌హాల్లో పెడుతున్నారని విని నాకు చెయ్యి దురద పుట్టింది.

"టీచరమ్మ గారివి కదా, మనవేటి అట్టుకెళ్ళి సూపించుకోడానికి?" అంది పైడమ్మ.

"చూపించి తెచ్చేస్తాను. చూస్తే అరిగిపోతాయా?" అన్నాను. మొత్తం కథలో నేను చేసిన రెండు వెధవపనుల్లో ఇది మొదటిది.

ప్రదర్శన నడిపేది గృహ దారుశిల్ప నాణ్యతా ప్రోత్సాహక సంస్థ. అంత పేరు పలకలేక ఊళ్ళో అందరూ చెక్కాఫీసు అంటారు. దానికి ఉప సంచాలకులు ఆలమండ జగన్నాథం గారు. బంగారు రంగు ఫ్రేము కళ్ళద్దాలు, మెళ్ళో గుర్తింపు కార్డు, నోట్లో పుస్తకం భాష. నా డొప్పల్ని రెండు అరచేతుల్లోకీ తీసుకుని కళ్ళు అరమోడ్పులు చేశారు.

"మహాద్భుతం! ఇది కేవలం చెక్క కాదు. స్థానిక దారుశిల్ప వారసత్వానికి ఆధునిక శ్రవణ సంస్కృతి తొడిగిన కిరీటం!"

ఫోటోలు తీశారు. నాకు శాలువా కప్పారు. తరవాత చిరునవ్వు చెదరకుండా, "రిజిస్ట్రేషను సంఖ్య?" అన్నారు.

"అలాంటిదేం లేదండి. పెరట్లో చేసుకుంటాను."

జగన్నాథం గారి ముఖంలోంచి వారసత్వం దిగిపోయింది. శాలువా తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు.

"జోగారావు గారూ, మిమ్మల్ని ప్రోత్సహించడమే మా ధ్యేయం. అయితే ప్రోత్సాహానికి ఒక క్రమం ఉంది. నియమావళి ఇరవై రెండో నిబంధన ప్రకారం ప్రతి ఉత్పత్తి విడత నుంచీ ఒకటి నమూనాగా సంస్థ స్వాధీనంలో ఉండాలి. నాణ్యత ధ్రువీకరణ అయ్యేదాకా మిగతా సరుకు, దాన్ని తయారుచేసిన యంత్రం సీలులో ఉండాలి."

"ఉన్నవే రెండండి. ఒకటి మీరు తీసుకుంటే మిగతా సరుకంటే ఇంకొకటే."

"సరుకు సంఖ్యని బట్టి కాదు, స్వభావాన్ని బట్టి."

"మనిషికి చెవులు రెండండి."

"చెవులు వైద్య ఆరోగ్య శాఖ పరిధి," అన్నారు జగన్నాథం గారు, పక్క శాఖ మీద వేలు పెట్టడం ఇష్టంలేని మర్యాదస్తుడిలా.

ఎడమ డొప్ప సంస్థ బీరువాలోకి వెళ్ళింది. కుడి డొప్పని గుడ్డసంచిలో పెట్టి, మూతికి లక్క కరిగించి ముద్ర కొట్టి, నా చేతికే ఇచ్చి పదిలంగా దాచమన్నారు. ఇనస్పెక్టరు మజ్జి కనకరాజు మా ఇంటికొచ్చి లేతు మిషను చక్రానికి కూడా తాడు చుట్టి సీలు వేశాడు. ప్రతి మంగళవారం వచ్చి రెండు సీళ్ళూ భద్రంగా ఉన్నాయో లేదో చూసుకుని, పైడమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళేవాడు.

పైడమ్మ మొదటి రోజే కత్తిపీట తెచ్చింది. "లక్కేగా, ఒక్క గీటుకి రాలిపోద్ది. కోసీండి."

నేను సరేననే వాణ్ణే. టీచరు గారు ఒప్పుకోలేదు. "సర్కారు సీలమ్మా అది. ముప్పై నాలుగేళ్ళు సర్కారు జీతం తిన్నాను. ఇప్పుడు దాని సీలు తెంపి సుఖంగా కచేరీ వినలేను. ఎంతసేపు, వాళ్ళు చూసి ఇచ్చేస్తారు" అన్నారు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషికి ప్రభుత్వం మీద ఉండే నమ్మకం, ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఉండదు.

ఏప్రిల్ మొదట్లో దరఖాస్తు పెట్టడానికి చెక్కాఫీసుకి వెళ్ళాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. దరఖాస్తులో నాలుగో గడి: ఉత్పత్తి రకం. లేతు మీద తీసిన గృహోపకరణాలు మొత్తం ఏడు రకాలని సంస్థ ఎప్పుడో తేల్చేసింది. కవ్వం, పప్పుగుత్తి, అప్పడాల కర్ర, మంచం కోడు, రోకలి, బొంగరం, ఇతరములు.

జగన్నాథం గారు బీరువాలోంచి డొప్పని తెప్పించి, స్కేలు పెట్టి, శాస్త్రీయంగా విచారణ మొదలుపెట్టారు.

"కవ్వం కాదు, పళ్ళు లేవు. పప్పుగుత్తి కాదు, పిడి లేదు. అప్పడాల కర్రకి పొడవు చాలదు. మంచం కోడు అనుకుందామంటే, కనకరాజూ, దీని మీద మంచం నిలబడుతుందా?"

"నిలబడదండి. దొర్లిపోద్ది."

"రోకలి కాదని ప్రత్యక్షంగానే తెలుస్తోంది. వ్యాసం మూడున్నర అంగుళాలు, గుండ్రం, అరచేతిలో ఇమడగలదు, యంత్రం మీద తిరిగి తయారైంది. జోగారావు గారూ, మా ముందు రెండే మార్గాలున్నాయి. బొంగరం లేదా ఇతరములు."

"ఇతరములే రాయండి. హెడ్‌ఫోన్ డొప్ప అని."

కనకరాజు నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు. మంచివాడే. "బాబూ, నా మాటినండి. ఇతరములంటే ఫైలు పై ఆఫీసుకెళ్తాది. ఆళ్ళు కమిటీ ఏస్తారు. ఏడాదిన్నరకి తక్కువైతే నన్నడగండి. బొంగరమని రాసీండి, ఇక్కడే పదైదు రోజుల్లో తెమిలిపోద్ది. పేరులో ఏటుంది, మీ సరుకు మీకొచ్చీడం కావాలి గానీ."

ఏడాదిన్నర ఎక్కడ, వినాయక చవితి ఎక్కడ! ఏ ఆఫీసులోనైనా పని త్వరగా అయ్యే గడిలో టిక్కు పెట్టడం మనందరికీ ఉన్న అలవాటే. తేలిక దారిలో పోదామని తప్పుడు గడిలో టిక్కు పెట్టాను. కింద అచ్చువేసి ఉన్న వాక్యం కింద సంతకం కూడా చేశాను. "పైన పేర్కొన్న వస్తువు బొంగరమేనని నా పూర్తి స్పృహతో ధ్రువీకరిస్తున్నాను." నా రెండో వెధవపని ఇది.

టీచరు గారికి చెబితే పగలబడి నవ్వారు. "బొంగరమైతేనేం, పుచ్చకాయైతేనేం. నాకు వినిపిస్తే చాలు."

పదిహేను రోజులు నెల అయింది. మే నెలలో ఎండ మాడిపోతుంటే రిజిస్టర్డు పోస్టులో నోటీసు వచ్చింది.

"తాము సమర్పించిన బొంగరమునకు మొల లేకపోవుట గమనించడమైనది. మొల లేని బొంగరము అసంపూర్ణ ఉత్పత్తిగా పరిగణించబడును. అసంపూర్ణ ఉత్పత్తిని సంపూర్ణమైనదిగా చూపి ధ్రువీకరణ కోరుట ఎందుకు నేరముగా భావించరాదో ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వగలరు."

చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నానో చూసుకోకుండా పరిగెత్తాను.

"అయ్యా, దానికి మొల అక్కర్లేదండి. అది బొంగరం కాదు," అన్నాను మెట్లెక్కిన ఆయాసంతోనే.

జగన్నాథం గారు దిగులుగా నా వైపు చూశారు. "మరి బొంగరమని సంతకం చేశారే?"

"త్వరగా అవుతుందని మీ ఆఫీసులోనే చెప్పారండి."

"చెప్పినట్టు ఎక్కడైనా రాసి ఉందా?"

కనకరాజు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"జోగారావు గారూ, మీరు పెద్దవారు. ఒక్కసారి ఆలోచించండి. అది బొంగరం కాదంటే మీరు తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినట్టు. అప్పుడు కేసు నమోదవుతుంది, ఉత్పత్తి జప్తవుతుంది, యంత్రం వేలానికెళుతుంది. అది బొంగరమే అంటే లోపం చాలా చిన్నది. ఒక్క మొల. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక, మానవతా దృక్పథంతో, సంస్థ తరఫునే ఆ లోటు భర్తీ చేయించాం. మీరు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు."

"అంటే?"

బీరువా తెరిచారు. ఎడమ డొప్ప నడినెత్తిన రెండంగుళాల ఇనుప మొల దిగ్గొట్టి ఉంది. మొల మొదట్లోంచి అంచు దాకా సన్నటి పగులు. యాభై రెండేళ్ళు తలుపు దెబ్బలు తిన్నా చెక్కుచెదరని చెక్క అది. దాని కోసం ఒక వడ్రంగిని పిలిపించి, చేసిన పనికి రసీదు తీసుకుని ఫైల్లో పెట్టారు.

నాకు ఏడుపొచ్చింది. అరవై ఆరేళ్ళ మొగాణ్ణి, ఆఫీసులో నలుగురి ముందూ కళ్ళు తుడుచుకున్నాను. కృతజ్ఞతతో కరిగిపోయాననుకుని జగన్నాథం గారు మంచినీళ్ళు ఇప్పించారు.

ఈ సంగతి టీచరు గారికి చెప్పడం ఇంకో కష్టం. అప్పటికే ఆవిడకి చెవి దగ్గర గట్టిగా అరిస్తే గానీ వినబడటం లేదు. వాళ్ళ అరుగు మీద నిలబడి అరిచాను. వీధి వీధంతా తలుపులు తీసుకుని విన్నారు. ఆవిడకి మాత్రం మూడోసారికి గానీ అందలేదు. అందాక కాసేపు చీరంచు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు.

"రెండోది బానే ఉందిగా? ఒంటి డొప్పతోనే వింటాను. దాన్ని విడిపించు జోగారావ్," అన్నారు.

అప్పణ్ణించీ నాకు ఒకటే పని. వారానికి మూడుసార్లు చెక్కాఫీసు మెట్లెక్కి, నా బొంగరం ఎంతవరకూ వచ్చిందని అడగడం. మొదట్లో ఆ మాట అనడానికి నోరు వచ్చేది కాదు. జూన్ కల్లా బాగా అలవాటైపోయింది.

జూన్ చివర పరీక్ష పెట్టారు. నిబంధన ప్రకారం బొంగరం నున్నటి నేల మీద నలభై సెకన్లు తిరగాలి. ఆఫీసు హాల్లో కుర్చీలు పక్కకి జరిపి, కనకరాజు ప్యాంటు పైకి మడిచి, తాడు చుట్టి విసిరాడు. నా డొప్ప నిటారుగా నిలబడి, పగులుతో సహా, డెబ్భై ఒక్క సెకన్లు తిరిగింది. గుమాస్తాలు లేచి నిలబడ్డారు.

"ఇంత సమతూకం ఉన్న బొంగరం ఈ సంస్థ చరిత్రలో లేదు!" అని ప్రకటించారు జగన్నాథం గారు. "దీని రహస్యమేమిటి?"

ఒక ముసలావిడ మూడు రోజులు గోటితో తట్టి తట్టి లోపల మందం సరిచేయించిందని చెప్పాను. దాన్ని 'సంప్రదాయ గోటి పరిజ్ఞానం' అని రాసుకున్నారు. దాంతో నాకు కొత్త చిక్కు వచ్చిపడింది. ఇంత ప్రతిభావంతమైన బొంగరాన్ని ఎవరు వాడబోతున్నారో తెలుసుకోవాల్సిన బాధ్యత సంస్థ మీద పడింది. అంతిమ వినియోగదారు స్వయంగా హాజరై వాంగ్మూలం ఇవ్వాలన్నారు.

జులైలో వాన పడుతుండగా టీచరు గారిని ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ కనకరాజూ చెరో పక్కా పట్టుకుని రెండంతస్తులు మోశాం. పైడమ్మ గొడుగు పట్టుకుని వెనకాలే తిడుతూ వచ్చింది. జగన్నాథం గారు అడిగినదాన్ని నేను ఆవిడ చెవిలో అరిచేవాణ్ణి.

"బొంగరం తిప్పడంలో మీ అనుభవం ఎన్ని సంవత్సరాలు?"

"ముప్పై నాలుగేళ్ళు వీణ నేర్పాను నాయనా. బొంగరం ముట్టుకోలేదు."

"ఆరంభ స్థాయి అభ్యాసకురాలు," అని రాసుకున్నారు. "ఆరుబయట తిప్పుతారా, ఇంటి లోపలా?"

"నాకు ఎనభై ఒకటి. నన్ను అటు నుంచి ఇటు తిప్పాలంటేనే ఇద్దరు మనుషులు కావాలి."

"ఇంటి లోపల, ఇద్దరి సహాయంతో," అని ఇంకో గడిలో రాశారు.

ఆవిడ ఆయన్ని కాసేపు పరీక్షగా చూశారు. క్లాసులో చివరి బెంచీ పిల్లవాణ్ణి చూసినట్టు, కోపం లేకుండానే చూశారు.

"బాబూ, నాకు చవితి దాకానే చెవులు. నా రెండో డొప్ప విడిపించండి. నా వీణ నేను విని మీకు దణ్ణం పెడతాను."

జగన్నాథం గారు చలించిపోయారు. నిజంగానే చలించారు, నేను చూశాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, మీలాంటి వారి కోసమే ఈ సంస్థ ఉంది. మీ విషయం అత్యవసర జాబితాలో చేరుస్తున్నాను," అన్నారు. అత్యవసర జాబితాలో చేర్చడానికి మళ్ళీ వేరే దరఖాస్తు ఉంది. దానికి మూడు వారాలు పట్టింది.

ఆగస్టు రెండో వారంలో ఒక పొద్దున్న టీచరు గారు మా గుమ్మంలోకి వచ్చి పలకా బలపం నా చేతిలో పెట్టారు. నేను అలవాటుగా చెవి దగ్గరకెళ్ళి అరవబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు. రాయి."

పైడమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను పలక మీద ఏం రాయాలో తెలియక, సర్టిఫికెట్టు వారంలో వస్తుందట అని రాశాను. ఆవిడ చదివి తల ఊపారు.

"మంచిదే. పనస బాగా అదురుతుంది. చెవి వెనక ఎముకకి గట్టిగా నొక్కి పెట్టుకుంటే వేళ్ళకి తెలిసినట్టు కొంచెమైనా తెలుస్తుందేమో. రెండోది రానీ, చూద్దాం," అన్నారు. నేనైతే అప్పటికే ఆశ వదిలేసుకున్నాను. ఆవిడ వదల్లేదు. అదే నాకు ఇంకా బాధగా ఉండేది.

ఆ మంగళవారం కనకరాజు వచ్చి సీలు వేసిన సంచి పట్టుకెళ్ళాడు. "సభలో పళ్ళెంలో పెట్టి ఇత్తారంట. కొంచెం ముస్తాబు సేసి తెస్తాం," అన్నాడు. విడుదలకి ముందు ఆఫీసు వాళ్ళు సీలు వాళ్ళే తియ్యాలి గదా అని నేనూ ఊరుకున్నాను.

చవితికి నాలుగు రోజుల ముందు టౌన్‌హాల్లో సన్మాన సభ. స్టేజీ వెనక గుడ్డ మీద మనిషంత బొంగరం బొమ్మ. టీచరు గారిని మొదటి వరసలో కూర్చోబెట్టారు. పట్టుచీర కట్టుకుని, ఫోనూ, స్పీకరు బిళ్ళలు తీసిపెట్టిన పాత హెడ్‌ఫోనూ చేతిసంచిలో వేసుకుని వచ్చారు. జగన్నాథం గారు యాభై నిమిషాలు మాట్లాడారు. ఆ హాల్లో ఆ ఉపన్యాసం వినబడని అదృష్టం ఆవిడ ఒక్కరికే దక్కింది. ఆయన నాకు పాత శాలువానే మళ్ళీ కప్పి, జ్ఞాపికా సర్టిఫికెట్టూ ఇచ్చారు. తరవాత ఆవిణ్ణి స్టేజీ మీదకి పిలిచి, వెండి పళ్ళెం మీంచి ఎర్ర మఖమల్ గుడ్డ తొలగించారు.

పళ్ళెంలో రెండు డొప్పలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి నడినెత్తినా మొలలు ఉన్నాయి.

"ఇదేమిటండీ?" అన్నాను. మైకు దగ్గరున్నానేమో, నా గొంతు హాలంతా వినబడింది.

"ధ్రువీకరణ పొందిన నమూనాకీ, వినియోగదారుకి అందే సరుక్కీ వెంట్రుకంత తేడా ఉండకూడదు," అన్నారు జగన్నాథం గారు గర్వంగా. "అదే నాణ్యత అంటే."

నేను ఆయన గొంతు పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. నాకప్పుడు టీచరు గారి మొహం చూడటానికే ధైర్యం చాలలేదు. ఆవిడ కుడి డొప్పని చేతిలోకి తీసుకున్నారు. మొల చుట్టూ బొటనవేలితో ఒకసారి తడిమారు. బిళ్ళ కూర్చోవలసిన చోట మొల మొన బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని చూసి, చేతిసంచిలోంచి తియ్యబోయిన ఫోన్ని మళ్ళీ లోపల పెట్టేశారు.

ఈలోపల కనకరాజు పళ్ళెంలో మిగిలినదానికి తాడు చుట్టి స్టేజీ మీదకి వదిలాడు. అందరూ ముందుకి వంగారు. ఎడమ డొప్ప చెక్క పలకల మీద రయ్యిమంటూ తిరగడం మొదలుపెట్టింది. టీచరు గారు కూడా దాని వైపే చూస్తున్నారు. అది తిరిగినంతసేపూ చూశారు.

జగన్నాథం గారు ఒక అట్ట పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టి, కలం చేతికిచ్చి, వేలితో చూపించారు. 'అంతిమ వినియోగదారు అభిప్రాయం' అని అచ్చువేసి ఉంది. ఆవిడ వంకర వేళ్ళతో నెమ్మదిగా ఒక వాక్యం రాశారు. జగన్నాథం గారు పుస్తకం అందుకుని, మైకు దగ్గరికి జరిగి, ఉప్పొంగిపోతూ చదివారు.

"'చాలా నిశ్శబ్దంగా తిరుగుతోంది.' విన్నారా! శబ్ద కాలుష్యం లేని బొంగరం! ఈ వాక్యమే వచ్చే ఏడాది మన సంస్థ నినాదం!"

హాలంతా లేచి నిలబడింది. పైడమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. టీచరు గారు జనం వైపు చూశారు. తరవాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి వంగారు.

"చప్పట్లు కొడుతున్నారా, జోగారావ్?"

కొడుతున్నారని తల ఊపాను.